మూడు వానల తర్వాత

ఓడెల్ ప్రూయిట్ తన బ్యూక్ రివియెరా కారును అమ్మకానికి పెట్టాడని తెలిసిన రోజున కార్ల ఫ్యాక్టరీలకి పేరుపడ్డ మా ఫ్లింట్ ఊళ్ళో సగం మంది నమ్మలేదు. మిగతా సగం ముసలాడికి మతి పోయిందన్నారు. అనరూ మరి? పంతొమ్మిదివందల అరవై అయిదులో తయారైన బండి. ముదురు ద్రాక్షపండు రంగు. బయట నుంచి చూస్తే పెద్దమనిషి, బానెట్ ఎత్తితే లోపల పహిల్వాను. మెత్తటి తోలు సీట్లు, చెక్క పలక బిగించిన డ్యాష్‌బోర్డు, స్విచ్చి తిప్పితే కనురెప్పల్లా విచ్చుకునే హెడ్‌లైట్లు. ఆ బండి తలుపులు ఫ్యాక్టరీలో తన చేత్తోనే బిగించానని ఓడెల్ చెప్పుకునేవాడు. ఆ ఏడు అక్కడి తయారీ లైనులో తలుపులు బిగించిన వాళ్ళు బోలెడు మంది ఉన్నారు గానీ, అతని మొహం చూసి ఎవరూ కాదనేవారు కారు.

దాని మీద గీత లేదు, తుప్పు చుక్క లేదు. ఎందుకంటే అది చలికాలం మొహం చూసిన బండి కాదు. మంచు పడితే మా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు మంచునీ తింటుంది, బండ్లనీ తింటుంది. అందుకే పాత బండ్లున్న మగాళ్ళు నవంబరులో వాటికి దుప్పటి కప్పేస్తారు. వసంతం వచ్చి, ఏప్రిల్లో మూడు పెద్ద వానలు పడి రోడ్లు కడుక్కుపోయేదాకా దుప్పటి తియ్యరు. రెండు వానలకే తీసినవాణ్ణి చర్చిలో కూడా అదోలా చూస్తారు.

ఓడెల్ అంతకంటే రెండాకులు ఎక్కువే చదివాడు. మూడో వాన వెలిశాక రోడ్డు మీదికి వెళ్ళి, వేలు తడిపి తారు మీద రాసి, నాలుక మీద పెట్టుకుని చూసేవాడు. కొడుకు మార్సెల్‌కి మాటలు సరిగ్గా రాకముందే ఈ విద్య నేర్పాడు. ఆ పిల్లాడు వీధి మధ్యలో గొంతుక్కూర్చుని నాలుక చప్పరించి, "చప్పగా ఉంది డాడీ! చప్పగా ఉంది!" అని పేటంతా వినబడేలా అరిచేవాడు. వరండాలోంచి వాళ్ళమ్మ వెర్నెట్టా కేకలు వేసేది. "ఛీ ఛీ, కుక్కలు తిరిగే రోడ్డురా అది! తండ్రికెలాగూ బుద్ధి లేదు, నీకైనా ఉండక్కర్లా?"

మార్సెల్ పోయి తొమ్మిదేళ్ళయింది. వెర్నెట్టా, ఓడెల్ ఇల్లు అమ్మేసి, అలబామాలో మోబీల్ అనే ఊరికి, ఆమె చెల్లెలు ఎర్నెస్టీన్ దగ్గరికి వెళ్ళిపోతున్నారు. బండి అమ్మకం అందుకే.

పక్కింటి క్లియోఫస్‌కి ఇది బొత్తిగా మింగుడుపడలేదు. ఓడెల్‌తో పాటు అదే లైనులో నడుం వంచినవాడు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు. ఓడెల్ చర్చిలో డీకను, అంటే సంఘపెద్ద, కాబట్టి ఎగతాళికైనా, మర్యాదకైనా అతన్ని డీకనూ అనే పిలుస్తాడు.

"డీకనూ, నాకర్థం కాక అడుగుతున్నా. మోబీల్లో మంచు పడదు. మంచు లేకపోతే ఉప్పు చల్లరు. ఏడాది పొడుగునా ఊరేగొచ్చు. బతుకంతా ఉప్పుకి భయపడి దాచుకున్న బండిని, ఉప్పు లేని ఊరికి పోయేముందు అమ్ముతావా? బండికి పట్టని తుప్పు నీ బుర్రకి పట్టిందేంటయ్యా?"

"వెర్నా వద్దంది."

"వద్దంటే?"

"అదొస్తే నేను రానంది."

క్లియోఫస్ ఇంకేదో అనబోయి, ఆ గ్యారేజీ వంక ఒకసారి చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. అతను మాట మింగడం మేం చూసింది తక్కువే.

వెర్నెట్టా ఆ గ్యారేజీలో కాలు పెట్టక తొమ్మిదేళ్ళు. వంటింట్లోంచి గ్యారేజీలోకి ఒక తలుపు ఉంది, దిగడానికి రెండు మెట్లున్నాయి. చెత్త సంచీ ఆ తలుపు ముందు పెట్టి వెళ్ళిపోయేది, డబ్బాలో వెయ్యడం ఓడెల్ పని. అంతకంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. చర్చిలో ప్రార్థన చేస్తూ మార్సెల్ అంటుంది. ఫోన్లో చెల్లెలితో మార్సెల్ అంటుంది. మొగుడితో మాత్రం అనదు. అన్నం పెడుతుంది, మాత్రలు గుర్తుచేస్తుంది, మోకాళ్ళకి మందు రాస్తుంది, గురక గురించి వెక్కిరిస్తుంది కూడా. మాట కొడుకు దాకా వచ్చేసరికి లేచి వేరే గదిలోకి పోతుంది. బండి కళ్ళముందు లేకపోతేనైనా ఆ పేరు తనతో ఒక్కసారి పలుకుతుందేమోనని ఓడెల్ ఆశ. ఈ అమ్మకంలో ఆ ముసలాడికి కావలసింది అదొక్కటే. డబ్బు సంగతి అడిగితే, ఎంతో ఒకంత వస్తుందిలే అనేవాడు.

శుక్రవారం నాడు గ్లెన్ డెవ్రీస్ అనే ఆయన గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊరి నుంచి బండి చూడ్డానికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఎర్రటి మొహం, చేతిలో మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం. తుప్పు తినేసిన చోట పుట్టీ పెట్టి రంగు కొట్టేసే మోసగాళ్ళు మాలో తక్కువేం లేరు. పుట్టీ ఉన్నచోట అయస్కాంతం అంటుకోదు, జారిపోతుంది. గ్లెన్ దాన్ని తలుపుల అంచుల మీద, చక్రాల పైన వంపుల మీద, డిక్కీ కింద మెల్లగా జరిపాడు. ఎక్కడా జారలేదు. కోటు విప్పి, నేల మీద గోనె పరుచుకుని, టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరాడు.

"అబ్బ! అబ్బబ్బబ్బ!" అని కింద నుంచి వినబడింది. "మిస్టర్ ప్రూయిట్, ఫ్యాక్టరీలో సుద్దతో పెట్టిన గుర్తు కూడా చెరిగిపోలేదండీ! ఇది బండా, మ్యూజియమా?"

ఓడెల్‌కి గర్వం ఆగలేదు. "దాన్ని నేను చెయ్యి కడుక్కోకుండా ముట్టుకోలేదు సార్," అన్నాడు.

గ్లెన్ బయటికి వచ్చి హెడ్‌లైట్లు చూపించమన్నాడు. ఓడెల్ స్విచ్చి తిప్పాడు. ముందున్న రెండు రెప్పలు నెమ్మదిగా విచ్చుకున్నాయి. మార్సెల్ చిన్నప్పుడు అది చూసి, "లేచింది డాడీ, లేచింది!" అని చప్పట్లు కొట్టేవాడు. పెద్దవాడై, గడ్డం వచ్చాక కూడా అలాగే అనేవాడు, కాకపోతే గొంతు తగ్గించి. ఓడెల్ గబుక్కున స్విచ్చి కట్టేశాడు.

"ఒక్కమాట అడుగుతాను, ఏమనుకోకండి," అన్నాడు గ్లెన్ చేతులు తుడుచుకుంటూ. "చలికాలం చూడలేదని ప్రకటనలో రాశారు. నిజంగా ఒక్కసారి కూడానా? ఏదో అవసరం పడో, ఒంట్లో బాగోలేని వాళ్ళ కోసమో, ఎప్పుడైనా..."

"ఒక్కసారి కూడా లేదు."

ఆ మాట ఓడెల్ నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. దశాబ్దాలుగా అందరికీ ఛాతీ విరుచుకుని చెప్పిన మాట, ఆపుకునే లోపలే బయటపడింది. వంటింటి తలుపు ఓరగా తీసి ఉంది. వెర్నెట్టా గరిటె చేత్తో పట్టుకుని అక్కడ నిలబడింది.

"సరిగ్గా చెప్పు ఆయనకి," అంది. "అడిగినవాళ్ళని కూడా ఎక్కించుకోలేదని చెప్పు."

తలుపు మూసుకుంది. గ్లెన్ ఇద్దరి మధ్యా ఏదో ఉందని గ్రహించి, బిక్కమొహం వేశాడు. "నేనేమైనా అనకూడనిది అన్నానా?"

"లేదులెండి. మా ఇంట్లో గొడవ," అన్నాడు ఓడెల్.

బేరం అక్కడే కుదిరిపోయింది. సోమవారం బండిని ఎక్కించుకుపోయే మూత ఉన్న ట్రైలర్ తీసుకుని, బ్యాంకు చెక్కు తీసుకుని వస్తానని గ్లెన్ వెళ్ళిపోయాడు. ఓడెల్ బండికి దుప్పటి కప్పి, దాని పక్కన స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాడు. లోపలికి వెళ్ళాలంటే వెర్నెట్టా మొహం చూడాలి.

ఆమె అన్నది ఉత్తి మాటేం కాదు. తొమ్మిదేళ్ళ కిందట ఫిబ్రవరిలో మార్సెల్‌ని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నారు. ముప్పై మూడేళ్ళ మనిషి, కడుపులో క్యాన్సరు. ఇంక చేసేదేం లేదని డాక్టర్లు నెమ్మదిగా చెప్పారు. వెర్నెట్టా విని గోడకి చేరగిలబడింది. ఓడెల్ కూడా విన్నాడు గానీ, ఆ మాటని లోపలికి రానివ్వలేదు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. ఒక మధ్యాహ్నం మార్సెల్ తండ్రిని దగ్గరికి పిలిచాడు.

"డాడీ, ఒక్క రౌండు. ఊళ్ళో ఇటుకల వీధి దాకా వెళ్ళొద్దాం. ముందు సీట్లో పడుకునే వస్తా. కిందికి కూడా దిగను."

ఓడెల్ కిటికీలోంచి చూశాడు. రోడ్డు పిండి ఆరబోసినట్టు తెల్లగా ఉంది.

"రోడ్డంతా ఉప్పురా. వానలు పడనీ. మూడో వాన వెలిసిందంటే ముందు నిన్నే తిప్పుతా. రోడ్డు రుచి చూసేది కూడా నువ్వే."

మార్సెల్ తండ్రి మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు. "అవునవును, ఉప్పుంది కదా. వానల దాకా ఆగుతాలే డాడీ," అన్నాడు.

వెర్నెట్టా ఆ గదిలోనే దుప్పటి మడతపెడుతోంది. పల్లెత్తు మాట అనలేదు.

మార్సెల్ మార్చిలో పోయాడు. ఆ ఏటి మొదటి వాన వాడి సమాధి మట్టి మీద పడింది.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను, నమ్మితే నమ్మండి. ఆ రోజు ఓడెల్‌కి మడ్‌గార్డుల బెంగ లేనే లేదు. ఉప్పులో బండి తీస్తే ఏప్రిల్ దాకా కొడుకు ఉండడని తను ఒప్పుకున్నట్టే. నాన్న నియమం తప్పాడంటే ఇంక తన పని అయిపోయిందని వాడికి తెలిసిపోతుంది. వానలంటే ఏప్రిల్, ఏప్రిల్ అంటే బతికి ఉంటాడని. అంత తెలివి ఉపయోగించాడు మన డీకను! ఆ తెలివి గురించి పెళ్ళానికి చెప్పుకోవడానికి మాత్రం తొమ్మిదేళ్ళలో నోరు పెగల్లేదు. చెప్తే సాకులా వినిపిస్తుందని భయం. ఆ తర్వాత ఏటా మూడో వాన వెలిశాక, ఇంజన్ బిగుసుకుపోకుండా సందు చుట్టూ ఒక్కడే ఓసారి తిప్పి తెచ్చేవాడు. రోడ్డు రుచి చూడ్డం మానేశాడు.

శనివారమంతా మంచు పడింది. ఆదివారం తెల్లవారేసరికి ఉప్పు లారీలు గరగరలాడుతూ వీధులన్నీ తిరిగాయి. చర్చి నుంచి వచ్చాక వెర్నెట్టా అద్దం ముందు నిలబడి టోపీ పిన్నులు తీస్తోంది. ఓడెల్ కోటు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు.

"వెర్నా, స్మశానం దాకా వెళ్ళొస్తా. నువ్వూ వస్తావా?"

"ఈ మంచులోనా? మోకాళ్ళు పట్టేశాయని పొద్దున్నేగా మూలిగావు."

అప్పుడు అతని చేతిలో ఉన్న తాళంచెవి ఆమె కంటబడింది. రోజూ తిరిగే బండిది కాదు. ఆమె చేతిలో టోపీ పిన్ను అలాగే ఉండిపోయింది. వస్తానంటుందని ఓడెల్ ఒక్క క్షణం ఆశపడ్డాడు.

"నువ్వెళ్ళు," అంది ఆమె, అద్దం వైపు తిరిగి.

రివియెరా వెనక్కి వెనక్కి దొర్లుకుంటూ వీధిలోకి దిగేసరికి, తన గుమ్మం ముందు మంచు ఎత్తిపోసుకుంటున్న క్లియోఫస్ పార అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు. పాపం, పరుగెత్తే వయసు కాదు. జారి, మోకాలి మీద పడి, మళ్ళీ లేచాడు.

"డీకనూ! ఏయ్ డీకనూ! ఉప్పు! రోడ్డంతా ఉప్పయ్యా! నీకేమన్నా పిచ్చా?" బానెట్ మీద రెండు చేతులూ పెట్టి ఆపడానికి చూశాడు. "రేపు అమ్మేదాన్ని ఇవాళ నాశనం చేస్తావా? వెనక్కి పెట్టు! నీకు దణ్ణం పెడతా, వెనక్కి పెట్టు!"

ఓడెల్ అద్దం దించాడు. "పక్కకి జరుగు క్లియో. మా వాణ్ణి తిప్పుకొస్తా."

క్లియోఫస్ బండి లోపలికి చూశాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. బానెట్ మీద చేతులు తీసేసి, టోపీ కూడా తీసి, మంచులో అలాగే నిలబడిపోయాడు.

ఊరు ఖాళీగా ఉంది. ఉప్పు పలుకులు ఎగిరి చక్రాల పైన రేకుకి తగులుతుంటే పేలాలు వేగుతున్నట్టు చప్పుడు. ఒక్కొక్క చప్పుడికీ ఓడెల్ భుజాలు ముడుచుకుపోయాయి. కొడుకు కోసమే తీశాడా, తీశాడు. అయినా ఒళ్ళు ఊరుకోదు కదా! ఇటుకల వీధిలో బండి సన్నగా అదిరింది. ఆగస్టులో ఊరంతా పాత బండ్లు తెచ్చుకుని ఊరేగేది ఇక్కడే. తండ్రీకొడుకులు ఏది మాట్లాడుకున్నా ఈ సీట్లలో కూర్చునే మాట్లాడుకున్నారు. ఇంట్లో ఎదురుపడితే ఇద్దరూ వాతావరణం గురించి చెప్పుకునే రకం. బండెక్కి, ఇద్దరూ ముందు రోడ్డు వంక చూస్తూ కూర్చుంటే నోళ్ళు వచ్చేవి. కాలేజీ మానేశానని వాడు చెప్పింది ఇక్కడే. ప్రేమించిన అమ్మాయి వదిలేసిందని ఏడ్చింది ఇక్కడే. ఓడెల్ నోరు తెరిచాడు గానీ, ఖాళీ సీటుతో ఏం మాట్లాడాలో అతనికి తోచలేదు.

స్మశానంలో దారి మధ్యదాకానే మంచు తీశారు. అక్కడి నుంచి నడవాలి. నాలుగడుగులు వేసేసరికి కాళ్ళు మోకాళ్ళ దాకా కూరుకుపోయాయి. సమాధి రాళ్ళన్నీ మంచు కింద ఉన్నాయి, ఏది ఎవరిదో తెలియడం లేదు. కొడుకు ఎక్కడున్నాడో కూడా చూసుకోలేని తండ్రి! ఓడెల్ వెనక్కి వచ్చి, సుమారుగా అటే అనుకున్న వైపుకి బండి ముక్కు తిప్పి, స్విచ్చి తిప్పాడు. రెప్పలు విచ్చుకున్నాయి. పట్టపగలు ఆ దీపాల వెలుగు మంచు మీద కనబడనే లేదు.

"లేచిందిరా," అన్నాడు.

చలికి వేళ్ళు కొంకర్లు పోయాక ఇంటికి బయల్దేరాడు.

వెర్నెట్టా కిటికీలోంచి చూసింది. ద్రాక్షపండు రంగు బండికి నడుం దాకా తెల్లటి చారలు. ఓడెల్ దాన్ని కడగలేదు, తుడవలేదు, దుప్పటి కూడా కప్పలేదు. రాత్రి భోజనం దగ్గర ఆమె మొక్కజొన్న రొట్టె రెండో ముక్క అతని కంచంలో వేసింది. సమాధి చూశావా అని మాత్రం అడగలేదు.

సోమవారం ఉదయం గ్లెన్ ట్రైలర్‌తో దిగాడు. మొహం నిండా పెళ్ళివారి సంబరం. గ్యారేజీ పెద్ద తలుపు పైకి లేచింది. ఓడెల్ అతన్ని నోరు తెరవనివ్వకుండా ముందే అందుకున్నాడు.

"డెవ్రీస్ గారూ, చెక్కు జేబులోనే ఉంచండి. శుక్రవారం నేను మీతో చెప్పింది ఇప్పుడు నిజం కాదు. నిన్న దీన్ని తీశాను. ఉప్పులో స్మశానం దాకా వెళ్ళొచ్చాను. బేరం తగ్గిస్తానంటే తగ్గించండి. వద్దంటే వెళ్ళిపోండి, నేనేమీ అనుకోను."

వంటింటి తలుపు తెరుచుకుంది. వెర్నెట్టా పై మెట్టు మీద నిలబడింది.

గ్లెన్ వంగి తెల్లటి చార మీద వేలితో గీశాడు. కిందికి ఒరిగి తొంగి చూశాడు. ఓడెల్ శిక్ష వినడానికి నిలబడ్డవాడిలా నిలబడ్డాడు. నిజానికి ఆ మనిషి తిట్టాలనీ, చెక్కు చింపేసి పోవాలనీ లోలోపల కోరుకున్నాడు. బండికి ఏదైనా పెద్ద నష్టం జరగాలి. జరిగితేనే ఆనాటి మాటకి కాస్తయినా బరువు ఉంటుంది.

గ్లెన్ లేచి నవ్వాడు.

"ఇంతేనా! నన్ను భయపెట్టేశారు కదండీ! ఒక్కసారికి ఏమవుతుంది? ఇంటికెళ్ళగానే వేడినీళ్ళతో అడుగంతా కడుగుతా. పచ్చికకి నీళ్ళు చిమ్మే గొట్టం ఉంటుందే, దాన్ని కింద పెట్టి అరగంట వదిలేస్తా. పోతుంది. చలికాలమంతా తిప్పితే అప్పుడు ఏడవాలి గానీ, ఒక్క రౌండుకి ఉప్పు బండిని మింగేస్తుందా? నేను ఏటా క్రిస్మస్‌కి మా అమ్మాయిని నా పాత బండిలోనే చర్చికి తీసుకెళ్తా. దానికదో సరదా. వచ్చాక కడిగేస్తా, అంతే."

"ఏమీ కాదా?" అన్నాడు ఓడెల్.

"గోరంత కూడా కాదు."

ఓడెల్ స్టూలు మీద కూలబడ్డాడు. గ్లెన్ వెర్నెట్టా వైపు తిరిగి, "సంతోషం పట్టలేకపోతున్నారమ్మా పెద్దాయన," అన్నాడు. ఆమె అతన్ని కాఫీ తాగి వెళ్ళమని కూడా అనలేదు. ఇంటికొచ్చిన వాళ్ళని కాఫీ అడగకుండా ఆమె పంపడం నాకు తెలిసి అదే మొదలు.

కాగితాల మీద సంతకాలయ్యాయి. రివియెరా గుర్రున శబ్దం చేసుకుంటూ ట్రైలర్ ఎక్కింది. రెప్పలు మూసుకునే ఉన్నాయి. ట్రైలర్ తలుపులు పడ్డాయి, గడియ బిగిసింది, వీధి మలుపు తిరిగింది. అవతల క్లియోఫస్ తన కిటికీ తెర దించేసుకున్నాడు.

గ్యారేజీ ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు అనిపించింది. నేల మీద నిన్నటి మంచు కరిగి, ఆరి, చక్రాలున్న నాలుగు చోట్లా తెల్లటి మరకలు మిగిలాయి. వెర్నెట్టా మెట్టు దిగింది. రెండో మెట్టు కూడా దిగింది. నేల మీద కాలు పెట్టి, ఆ ఖాళీ చుట్టూ చూసింది.

"ఏమీ కాదట," అంది.

"విన్నాను."

"గొట్టం పెట్టి కడిగితే పోతుందట."

"విన్నాను వెర్నా." ఓడెల్ తల ఎత్తలేదు. "ఆ రోజు నేను బండి కోసం అనలేదు. దేవుడి సాక్షిగా బండి కోసం కాదు. ఉప్పులో తీస్తే వాడికి తెలిసిపోతుందని... వానల దాకా అంటే వానల దాకా ఉంటాడనీ..."

"తెలుసు."

"నీకు తెలుసా?"

"ఆ రోజే తెలుసు. నువ్వు గదిలోంచి వెళ్ళగానే మార్సెల్ నాతో అన్నాడు."

అన్నేళ్ళుగా అతను ఎదురుచూసిన పేరు, ఎంత మామూలుగా వచ్చిందో! ఓడెల్ స్టూలు మీద నుంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"ఏమన్నాడు?"

"'డాడీ నన్ను ఏప్రిల్ దాకా ఉంచుకుందామనుకుంటున్నాడమ్మా. ఉంచుకోనీ. నువ్వేం అనకు,' అన్నాడు. నేనేం అనలేదు. వాడి మాట కాదనలేక, ఇన్నేళ్ళూ ఏం అనలేదు."

"మరి తెలిసి కూడా నా మీద ఇంత కోపం..."

"బండెక్కాలని సరదా పడి అడిగాడనుకున్నావా?" ఆమె గొంతు లేచింది. ఇన్నాళ్ళూ నొక్కి పెట్టిందంతా ఒక్కసారి పైకి వచ్చింది. "మీరిద్దరూ అందులో కూర్చుంటే తప్ప మనసులో మాట చెప్పుకోగలరా? అక్కడ కూర్చుని నీతో చెప్పుకుందామనుకున్నాడయ్యా! భయమేస్తోంది డాడీ అని చెప్పుకుందామనుకున్నాడు. నాతో చెప్తే నేనేడుస్తానని, నీతో అయితే చెప్పొచ్చని. నువ్వు వానలన్నావు. ఇంక వాడెవరికి చెప్పుకుంటాడు? తన భయం తన దగ్గరే పెట్టుకుని, సరేలే డాడీ అని నవ్వాడు. పోయేవాడు నిన్ను ఓదార్చాడు ఓడెల్! పోయేవాడు!"

ఓడెల్‌కి ఆ నవ్వు కళ్ళముందు కదిలింది. ఇన్నేళ్ళూ ఆ నవ్వు చూసుకునే అతను ధైర్యంగా ఉన్నాడు. వాడు బాధపడలేదు, నవ్వాడు, అర్థం చేసుకున్నాడు అనుకుంటూ బతికాడు. ఇప్పుడా నవ్వు కూడా పోయింది. మొహం రెండు చేతుల్లో దాచుకుని గట్టిగా ఏడ్చాడు. వెర్నెట్టా దగ్గరికి రాలేదు, అలాగని లోపలికీ పోలేదు. అతను ఏడ్చినంతసేపూ అక్కడే నిలబడింది.

కొంతసేపటికి అతను లేచి, మూలనున్న బకెట్టు, తుడిచే గుడ్డ తీసుకున్నాడు. ఇల్లు కొనుక్కున్నవాళ్ళు వచ్చే వారం దిగుతారు, మరకలుంటే బాగుండదని గొణిగాడు.

"తుడవకు," అంది వెర్నెట్టా.

మోకాలి మీద చెయ్యి ఆనించి వంగింది. కుడివైపు ముందు చక్రం ఉన్నచోట, మార్సెల్ కూర్చునే సీటు వైపున, వేలు నాలుకతో తడిపి తెల్లటి మరక మీద రాసింది. వేలు నోట్లో పెట్టుకుంది. ఛీ ఛీ అని ఎన్ని కేకలేసిందో ఈ పనికి.

ఓడెల్ బకెట్టు పట్టుకుని చూస్తున్నాడు. ఎలా ఉందని అడిగే ధైర్యం అతనికి లేదు.

"ఇంకా ఉప్పుంది," అంది ఆమె. వంటింట్లోకి వెళ్తూ తలుపు తీసే ఉంచింది.